సామెతల గ్రంథం, మిర్చి కాటా, పూచీ సంతకం

చర్చిలో గానీ ఇళ్ళల్లో పెట్టుకునే కూడికల్లో గానీ ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు మనం ఏం చెప్తామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అబ్బాయికి వీసా రావాలి, అమ్మాయికి మంచి సంబంధం కుదరాలి, స్థలం రిజిస్ట్రేషన్ అవ్వాలి, గ్రూప్స్ రిజల్ట్ మంచిగా రావాలి, ఇవే కదా. ఇందులో తప్పేం లేదు, నేనూ అడుగుతాను, మా పెద్దోడి కాలేజీ సీటు కోసం రాత్రిళ్ళు మోకాళ్ళ మీద ఉన్నవాణ్ణే. కానీ ఇన్నేళ్ళలో "రేపు కాటా వేసేటప్పుడు నా చెయ్యి సరిగ్గా ఉండాలని ప్రార్థన చేయండి" అన్నవాళ్ళని గానీ, "మా బావమరిది లోనుకి పూచీ సంతకం అడుగుతున్నాడు, పెట్టాలా వద్దా, జ్ఞానం కావాలి" అన్నవాళ్ళని గానీ నేను చూడలేదు. మన బతుకు నిలబడేదీ కూలిపోయేదీ ఎక్కువగా ఈ రెండో రకం చోట్లే అని నాకు గట్టి నమ్మకం, ఇవాళ రాసేదంతా దాని గురించే.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. సీజన్లో జనవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎక్కడ చూసినా గుట్టలు, ఘాటుకి దగ్గు, తుమ్ములు, కళ్ళలో మంట, ఇంటికెళ్ళి స్నానం చేసినా చొక్కా కాలర్లో కారం వాసన పోదు. ఇక్కడ కూర్చుని బైబిల్లోని సామెతల గ్రంథం చదివితే అది మా యార్డు కోసమే రాశారా అనిపిస్తుంది. 20వ అధ్యాయంలో ఒక మాట ఉంది చూడండి, "కొనువాడు జబ్బుది జబ్బుది అనును, అవతలికి వెళ్లి దాని మెచ్చుకొనును." ఇది నేను రోజూ వినేదే. టిక్కీ కోసి నాలుగు కాయలు చేతిలోకి తీసుకుని, తేమ ఉందయ్యా, తాలు (నాసిరకం తెల్లకాయ) కలిసింది, రంగు పోయింది అని మొహం చిట్లించి రేటు దించేసి, పది అడుగులు అవతలికి వెళ్ళి ఫోన్లో "మంచి సరుకు దొరికింది, తేజ రకం, ఫస్ట్ క్లాస్" అని చెప్పేవాళ్ళు ఏ మార్కెట్లో లేరు చెప్పండి. దాదాపు మూడు వేల ఏళ్ళ కిందటి మాట అది. ఎక్కడో యెరూషలేము బజార్లో ఎవరో ఇలాగే మొహం చిట్లించి ఉంటాడు, దాన్ని చూసిన మనిషి దేవుడి వాక్యంలో రాసిపెట్టాడు. అంటే దేవుడు బేరం కూడా వింటున్నాడు అన్నమాట. నాకు ఇది భయంగానూ ఉంటుంది, ధైర్యంగానూ ఉంటుంది.

సొలొమోను రాజు సంగతి అందరికీ తెలిసిందే, గిబియోను అనే ఊళ్ళో కలలో దేవుడు ఏం కావాలో అడుగు అంటే ఐశ్వర్యం అడక్కుండా, దీర్ఘాయువు అడక్కుండా, జనానికి న్యాయం తీర్చడానికి వివేకం గల హృదయం అడిగాడు. దాని మీద ప్రసంగాలు బోలెడు విన్నాం. కానీ 1 రాజులు 3వ అధ్యాయంలో ఆ కల అయిపోయిన వెంటనే ఏముందో చూడండి. ఇచ్చిన జ్ఞానం మొదట ఎక్కడ వాడాడు అంటే యుద్ధం దగ్గర కాదు, మందిరం ప్లాను దగ్గర కాదు, ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరు వేశ్యలు ఒక పసిబిడ్డ కోసం పెట్టుకున్న తగువు దగ్గర. ఊళ్ళో ఎవరూ పట్టించుకోని మనుషులు, సాక్షులు లేని కేసు, రాత్రి పూట జరిగిన విషయం. దేవుడు రాజుకి ఇచ్చిన జ్ఞానం ముందు వెళ్ళింది అక్కడికి. మనమేమో జ్ఞానం అంటే ఇల్లు కొనాలా ఫ్లాట్ కొనాలా, కెనడానా ఆస్ట్రేలియానా అన్న దగ్గరే వాడాలి అనుకుంటాం.

ఇంక కాటా. "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము" అని సామెతలు 11 మొదటి వచనమే. హేయము అనే మాట బైబిల్లో విగ్రహారాధనకి వాడతారు, నరబలికి వాడతారు, అదే మాట ఇక్కడ తూకం రాయికి వాడారు, అంత సీరియస్. ఇప్పుడు గుండ్లు లేవు, ఎలక్ట్రానిక్ కాటాలొచ్చాయి, తూనికలు కొలతల శాఖ వాళ్ళు వచ్చి సీలు వేసి పోతారు, కాబట్టి ఆ వచనం పాతబడిపోయింది అనుకోకండి. మోసం కాటాలోంచి పక్కకి జరిగింది అంతే. మచ్చు అని చెప్పి గుప్పెడు కాయలు తీస్తారు, ఆ గుప్పెడు ఎంతమంది చేతుల్లో ఎన్నిసార్లు అవుద్దో రైతుకే తెలుసు. 40-45 కేజీల టిక్కీలో సంచి బరువుకని తీసేదాంట్లో ఒక అరకేజీ అటూ ఇటూ. బిల్లు లేకుండా తెల్లకాగితం మీద రాసిచ్చే లెక్క. రేటు ఒకటి చెప్పి, లారీ ఎక్కేముందు తేమ పేరు చెప్పి ఇంకొకటి వెయ్యడం. ఇవన్నీ ఎవరికి వాళ్ళకి చిన్నవిగానే కనిపిస్తాయి, అందరూ చేసేదే కదా అనిపిస్తాయి, ఆదివారం పాటలు పాడే నోటికి వీటితో సంబంధం లేనట్టే ఉంటుంది. ఆ రైతు కౌలుకి తీసుకుని, పురుగుమందులు అప్పు మీద తెచ్చి, నల్లతామర పురుగు పడితే మళ్ళీ అప్పు చేసి, రాత్రంతా ట్రాక్టర్ మీద కూర్చుని వచ్చినవాడు. ఆ అరకేజీ ఎవరిదో దేవుడికి తెలుసు.

ఒక్కటి మాత్రం సంతోషంగా చెప్తాను. మా దగ్గర ఒక దడవాయి, అంటే కాటా వేసే మనిషి, ఉండేవాడు, ఇప్పుడు రిటైరయ్యాడు, క్రైస్తవుడు కూడా కాదు. ముల్లు నిలిచేదాకా టిక్కీ మీద ఎవర్ని చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు, షావుకారు తొందరపెట్టినా సరే. రైతులు వాళ్ళ సరుకు ఆయన కాటా మీదే పడాలని ఆగేవాళ్ళు. సరియైన గుండు ఆయనకిష్టము అన్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. మన చర్చి మెంబర్షిప్ లేకుండానే దేవుడికి ఇష్టమైన పని చేసిన మనిషి, మరి మన సంగతేంటి అని నన్ను నేను అడుక్కుంటాను.

పూచీ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన జిల్లాలో దీని వల్ల పోయిన ఇళ్ళు చాలా ఉన్నాయి, విశ్వాసుల ఇళ్ళు కూడా. ఒకాయన చిట్టీ పాడుకుంటే మా పెదనాన్న పూచీ పెట్టాడు, ఆ పాడుకున్నాయన ఎవరు ఏంటి అనేది ఇక్కడ వద్దు, ఆయన నాలుగు నెలలు కట్టి మానేశాడు, ఊరొదిలి పోయాడు. పెదనాన్న రిటైర్మెంట్ డబ్బులు సగం దానికే పోయాయి. పెద్దమ్మ అప్పుడు ఒక్క మాట కూడా అనలేదు, అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది అని తర్వాత చెప్పేవాడు. మంచితనంతో పెట్టిన సంతకమే, ప్రేమతో పెట్టిందే.

సామెతలు పుస్తకం మాత్రం ఈ విషయంలో ఎంత కఠినంగా ఉందో చూడండి, 6లో ఉంది, 11లో ఉంది, 17లో ఉంది, 22లో ఉంది, మళ్ళీ మళ్ళీ చెప్తూనే ఉంది. 6వ అధ్యాయంలో అయితే, నీ స్నేహితుడి కోసం పూటబడితే (పూచీ పెడితే) నీ నోటి మాటతోనే నువ్వు చిక్కుకున్నావు, కళ్ళకి నిద్ర రానివ్వకు, వెంటనే వెళ్ళి బతిమాలి అయినా సరే విడిపించుకో, వేటగాడి చేతిలోంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకో అంటుంది. 22లో, కట్టడానికి నీ దగ్గర ఏమీ లేకపోతే నీ కిందున్న పరుపు కూడా తీసుకుపోతారు కదా అంటుంది. దేవుని వాక్యం బ్యాంకు ష్యూరిటీ ఫారం గురించి ఇంత వివరంగా మాట్లాడుతుంటే మనం అది ఆత్మీయ విషయం కాదని పక్కన పెట్టేస్తున్నాం.

చట్టం సంగతి కూడా చెప్తాను, చాలామందికి తెలీదు. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం పూచీ పెట్టినవాడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం, కాగితంలో వేరేగా రాసుకుంటే తప్ప. అంటే ముందు వాణ్ణి అడిగి, వాడి ఆస్తి అమ్మి, అప్పటికీ చాలకపోతే అప్పుడు నా దగ్గరికి వస్తారులే అనుకుంటాం కదా, అలా ఏం లేదు, వాళ్ళు నేరుగా మీ దగ్గరికే రావచ్చు. జీతం ఉన్న గవర్నమెంట్ ఉద్యోగస్తుల్నే ష్యూరిటీ ఎందుకు అడుగుతారో ఇప్పుడు అర్థమవుద్ది. అలాగే చిట్టీలు నడపాలంటే 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ చేయించాలి, మన వీధి చిట్టీలు ఎన్ని అలా ఉన్నాయో మీకే తెలుసు. చర్చిలో అక్కలు నమ్మకం మీద వేసేవి కూడా దీంట్లోకే వస్తాయి, ఎవరికైనా కోపం వచ్చినా ఈ మాట చెప్పాల్సిందే.

అయితే మరి ప్రేమ ఏమైంది, అడిగినవాడికి ఇవ్వమని యేసు చెప్పలేదా అని మా తమ్ముడి వరస కుర్రాడు ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. నాకు అర్థమైంది ఏంటంటే, ఇవ్వడం వేరు, పూచీ వేరు. నీ దగ్గర ఉన్న పదివేలు తీసి ఇచ్చేస్తే అది పోయినా నీ పిల్లల ఫీజు ఆగదు, ఎంత పోద్దో నీకు ముందే తెలుసు. పూచీలో నీ దగ్గర లేనిది, రేపటిది, నీ భార్యాపిల్లలది మాటిస్తున్నావు. అందుకే మా ఇంట్లో ఇప్పుడు ఎవరైనా అడిగితే మా ఆవిడా నేనూ కూర్చుని, వీళ్ళకి మనం ఊరికే ఎంత ఇవ్వగలం అని చూసుకుంటాం, ఇవ్వగలిగింది ఇస్తాం, తిరిగి అడగం, సంతకం మాత్రం పెట్టం. చుట్టాలు మొదట్లో మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీండి, సంబంధం మిగులుద్ది, సంతకం పెడితే డబ్బూ పోద్ది, సంబంధమూ పోద్ది.

మాటల గురించి పెద్దగా రాయను, అందరికీ తెలిసిందే, సంగతి పూర్తిగా వినకముందే జవాబు చెప్పడం మూఢత్వం అని 18వ అధ్యాయం అంటుంది, మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులు అన్నిటికీ అదొక్క వచనం చాలు. 27లో ఇంకొకటి ఉంది, తెల్లవారుజామునే లేచి పెద్ద శబ్దంతో స్నేహితుణ్ణి దీవిస్తే అది శాపంగా ఎంచబడుద్ది అని. మైకు సౌండు పెంచే ముందు మన సంఘాలు ఆ వచనం చదువుకోవాలని నా మనవి. పక్కింట్లో టెన్త్ పరీక్షలు రాసే పిల్లలు ఉంటారు, డ్యూటీ చేసొచ్చి పడుకున్న నర్సు ఉంటుంది, వాళ్ళూ దేవుడు చేసిన మనుషులే.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతి. సరే, కాటా సరిగ్గా వేశాం, అప్పు చెయ్యలేదు, కూలి సాయంత్రానికి ఇచ్చేశాం, అయినా ఈ బతుక్కి అర్థం ఏంటి అనే ప్రశ్న ఒకటి ఉంటుంది. నాకు సీజన్ అయిపోయాక మే నెలలో యార్డుకి సెలవులిచ్చినప్పుడు ఇది ఎక్కువగా వస్తది. పాత లెక్కల పుస్తకాలు సర్దుతుంటే, ఇన్ని టిక్కీలు, ఇన్ని పేర్లు, ఇదంతా ఏమైంది, ఎవరో తిన్నారు, అయిపోయింది.

ఈ ప్రశ్నకి బైబిల్లోనే ఉన్న ప్రసంగి గ్రంథం అంత నిజాయితీగా ఇంకెవరూ మాట్లాడలేదు. సమస్తము వ్యర్థమే అని మొదలెడతాడు, ఇళ్ళు కట్టించాను, తోటలు వేశాను, చెరువులు తవ్వించాను, నా తర్వాత వచ్చేవాడు తెలివైనవాడో మూర్ఖుడో ఎవడికి తెలుసు అంటాడు. చాలామంది పాస్టర్లు ఈ పుస్తకం జోలికి పోరు, నిరాశగా ఉంటుందని. నాకైతే 5వ అధ్యాయం 12వ వచనం కళ్ళ ముందు కనిపిస్తుంది, కష్టజీవులు కొంచెం తిన్నా ఎక్కువ తిన్నా సుఖంగా నిద్రపోతారు, ధనవంతుడికి మాత్రం ఆ ధనం వల్లే నిద్ర పట్టదు అని. మధ్యాహ్నం రెండింటికి రండి యార్డుకి, క్యారేజీ తినేసి హమాలీలు టిక్కీల మీదే తువ్వాలు పరుచుకుని అంత ఘాటులో గాఢంగా నిద్రపోతుంటారు. అదే టైంలో కోల్డ్ స్టోరేజీలో వేల టిక్కీలు పెట్టుకున్న పెద్దమనిషి రేటు ఎప్పుడు లేస్తదా అని ఫోను చూసుకుంటూ ఉంటాడు. 2025 మొదట్లో చూశాం కదా, అంతకు రెండేళ్ళ ముందు క్వింటా 20 వేలు దాటిన సరుకు ఎంత కిందకి పడిందంటే కేంద్రం జోక్యం చేసుకుని 11,781 రూపాయలు అని ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆ నెలల్లో రైతులకీ నిద్రలేదు, దాచుకున్నవాళ్ళకీ నిద్రలేదు.

దాచడం తప్పని అనడంలేదు. యోసేపు ఐగుప్తులో ఏడేళ్ళు ధాన్యం కొట్లలో పోయించాడు, అది జ్ఞానమే. లూకా 12లో ధనవంతుడు కూడా కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టిస్తానన్నాడు, ఆయన్ని దేవుడు వెర్రివాడా అన్నాడు. ఇద్దరూ చేసింది ఒకటే పని కదా అని చాలాకాలం నాకు అర్థం అయ్యేది కాదు. తర్వాత ఆ ఉపమానం మెల్లగా చదివితే కనిపించింది, ఆ మనిషి మొత్తం తనతోనే మాట్లాడుకుంటున్నాడు, నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ప్రాణమా. పొలం కోసిన కూలీలు లేరు, పక్కింటివాళ్ళు లేరు, ఇంట్లోవాళ్ళు కూడా లేరు. యోసేపు కొట్లకి మాత్రం ఆకలితో ఉన్న దేశాలన్నీ వచ్చాయి, చివరికి అన్నలు కూడా వచ్చారు. ఆదోని వైపు నుంచి, తెలంగాణ నుంచి పిల్లల్ని చంకనేసుకుని మన పొలాల్లో మిరపకాయ కోతకి వచ్చే ఆడవాళ్ళు ఉన్నారే, వాళ్ళ కూలి బిగబట్టి కొట్లు నింపితే ఆ కూలే మొర్రపెడుతుందని యాకోబు 5లో రాశాడు. ద్వితీయోపదేశకాండం అయితే సూర్యుడు అస్తమించకముందే ఇచ్చెయ్యి, వాడు పేదవాడు, దాని మీదే ఆశ పెట్టుకున్నాడు అంటుంది. ఫోన్‌పే ఉన్న ఈ రోజుల్లో కూడా శనివారం చూద్దాంలే అంటాం.

ప్రసంగి వ్యర్థం అని వదిలెయ్యలేదు. తినడం, తాగడం, తన కష్టంలో సంతోషించడం, ఇది దేవుడి చేతిలోంచి వచ్చిందే అని మధ్యమధ్యలో చెప్తూనే ఉంటాడు, 9లో "చేయుటకు నీ చేతికి వచ్చిన యే పనినైనను నీ శక్తిలోపము లేకుండ చేయుము" అంటాడు. నచ్చిన పని అనలేదు, పెద్ద పని అనలేదు, చేతికి వచ్చిన పని.

గుంటూరులో ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు అన్నా కుగ్లర్ గారు గుర్తొస్తారు. అమెరికాలో పెన్సిల్వేనియాలో డాక్టరీ చదివి, మిషన్ వాళ్ళని వైద్యం చేయడానికి పంపమని అడిగితే, వైద్యం పని మొదలుపెట్టడానికి మేము సిద్ధంగా లేము అన్నారు. 1883లో గుంటూరు వచ్చినప్పుడు ఆవిడకిచ్చింది బడుల పని, ఇళ్ళల్లో ఆడవాళ్ళకి చదువు చెప్పే పని. ఆవిడ అది చేశారు. చేస్తూనే ఆ ఇళ్ళల్లో రోగాలతో ఉన్నవాళ్ళకి, కాన్పులకి వైద్యం చేస్తూ వచ్చారు, ఆస్పత్రి లేవడానికి 1898 దాకా పట్టింది. 1930లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు, ఇప్పటికీ ఆవిడ పేరుతోనే ఆ ఆస్పత్రి ఉంది. మన చర్చి పిల్లలు దేవుని పిలుపు అంటే ఏంటి అని అడిగితే నేను ఆ ఆస్పత్రి గురించి కాదు, దానికి ముందున్న ఆ పదిహేనేళ్ళ గురించి చెప్తాను. అనుకున్న పని ఇవ్వలేదని ఓడ ఎక్కి వెనక్కి వెళ్ళిపోలేదు ఆవిడ.

ఇంకొకటి. ఏమి చేసినా మనుషుల కోసం కాక ప్రభువు కోసం అన్నట్టు మనస్ఫూర్తిగా చేయండి అనే కొలొస్సయుల మాట మనం ఆఫీసు గోడల మీద పెట్టుకుంటాం, అది పౌలు దాసులకి రాసింది, ఆ పైవచనం చూడండి. జీతం లేనివాళ్ళకి, ప్రమోషన్ లేనివాళ్ళకి. ఆ పనికి ఏ అర్థమూ ఉండదని లోకం అనుకునే మనుషులకి, నీ పని ప్రభువు చూస్తున్నాడు, స్వాస్థ్యం (వారసత్వం) నీకు ఉంది అని చెప్పాడు. కొంచెం కిందకి వస్తే యజమానులకి కూడా చెప్పాడు, న్యాయంగా ఉండండి, పరలోకంలో మీకూ యజమాని ఉన్నాడు అని. మొదటిది గుమాస్తాలకి చెప్పి రెండోది షావుకార్లకి చెప్పకపోతే అది సగం వాక్యమే అవుద్ది.

యేసుప్రభువు కూడా దాదాపు ముప్పై ఏళ్ళు వచ్చేదాకా నజరేతులో వడ్రంగి పని చేశాడు. కాడి చేసిచ్చి ఉంటాడు, తలుపు బిగించి ఉంటాడు, డబ్బులు రేపిస్తాను అన్నవాళ్ళు ఉండే ఉంటారు. యొర్దానులో బాప్తిస్మం తీసుకున్నప్పుడు, ఇంకా ఒక్క అద్భుతం కూడా చెయ్యకముందే, ఈయనయందు నేను ఆనందిస్తున్నాను అని తండ్రి స్వరం వచ్చింది. ఆ ఆనందంలో ఆ పనిశాల ఏళ్ళు కూడా ఉన్నాయని నేను నమ్ముతాను.

ఎలా మొదలెట్టాలి అని అడిగేవాళ్ళకి, మా నాన్న నేర్పిన పద్ధతి చెప్తాను. సామెతలు 31 అధ్యాయాలు, ఇవాళ తారీఖు ఎంతైతే ఆ అధ్యాయం, పొద్దున్నే కాఫీ తాగేలోపు అయిపోద్ది. ఒక రోజు తప్పితే వెనక్కి వెళ్ళి చదవక్కర్లేదు, వచ్చే నెల మళ్ళీ అదే తారీఖు వస్తది. అందులో ఒక్క వచనం పట్టుకుని, ఇది ఇవాళ ఏ మనిషి దగ్గర, ఏ లెక్క దగ్గర నాకు అవసరం అవుద్ది అని దేవుణ్ణి అడగండి, పేరు పెట్టి అడగండి. ఫిబ్రవరిలో మాత్రం చివరి అధ్యాయాలు మిగిలిపోతాయి, వాటిని 28నే కలిపి చదివేయండి, ఎందుకంటే 30వ అధ్యాయంలో ఆగూరు అనే ఆయన ప్రార్థన ఉంది, పేదరికమూ వద్దు ఐశ్వర్యమూ వద్దు, తగినంత ఆహారం చాలు అని, మార్చిలో మా యార్డు ఫుల్లుగా నడిచే ముందు అది తప్పకుండా చదవాలి.